64 కాపీలు కొనే ముందు: మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు కేసు

ఆగస్టు నెలాఖరులో ఒక ఫోన్ వచ్చింది. చేసింది మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు యజమాని కొడుకు. "సార్, దసరాకు మిల్లులో అందరికీ స్వీట్ డబ్బాతో పాటు ఈసారి ఒక పుస్తకం ఇద్దామంటున్నడు నాన్న. ఆయన ఒక పుస్తకం పట్టుకున్నడు, నేను ఇంకోటి అంటున్న. వారం సంది ఇంట్ల ఇదే పంచాయితీ. మీరొచ్చి ఏది కొనాల్నో తేల్చుండ్రి" అన్నాడు. కావలసింది 64 కాపీలు. ఆర్డర్ పెట్టడానికి నెల రోజుల టైం ఉంది.

నేనుండేది నల్గొండలో. పదిహేడేళ్లు ఫ్యాక్టరీల పర్సనల్ డిపార్ట్‌మెంట్లలో చేసి, ఇప్పుడు చిన్న మిల్లులకు, నర్సింగ్ హోమ్‌లకు, బడులకు మనుషుల విషయంలో సలహాలు చెప్పి బతుకుతున్నాను. జీతాల తగాదాలు తేల్చమని పిలిచినవాళ్లున్నారు, యూనియన్‌తో మాట్లాడమని పిలిచినవాళ్లున్నారు. పుస్తకం ఎంచిపెట్టమని పిలిచింది వీళ్లే. సగం రోజు పని అనుకుని ఒప్పుకున్నాను. అది మే నెల దాకా సాగింది.

తండ్రి పుస్తకం, కొడుకు పుస్తకం

పెద్దసేటు గదిలోకి వెళ్లగానే కనిపించేది దండ వేసిన ఫోటో. భార్య పోయి అప్పటికి ఏడాదిన్నర. నాగార్జున కాలేజీలో బీఎస్సీ చదివిన మనిషి, ఇంగ్లీషు నిదానంగా చదువుతాడు. మజ్జిగ తెప్పించి, డ్రాయర్‌లోంచి పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. విక్టర్ ఫ్రాంకల్ రాసిన 'మ్యాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్'. నిండా పెన్సిల్ గీతలు.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఫ్రాంకల్ వియన్నా నగరపు మానసిక వైద్యుడు, యూదుడు. ఆష్విట్జ్‌తో కలిపి నాలుగు నాజీ క్యాంపుల్లో గడిపి ప్రాణాలతో బయటపడ్డాడు. తల్లి, తండ్రి, అన్నదమ్ముడు, భార్య బయటపడలేదు. 1945లో తొమ్మిది రోజుల్లో ఈ పుస్తకం రాశాడు, 1946లో జర్మన్‌లో అచ్చయింది. మనిషికి బతుకులో అర్థం మూడు దారుల్లో దొరుకుతుందంటాడు: చేసే పనిలో, ప్రేమించే మనిషిలో, తప్పించుకోలేని బాధ వచ్చినప్పుడు దాన్ని ఎట్లా మోశామన్న దాంట్లో.

పెద్దసేటు గీతలన్నిటిలోకి లావు గీత ఒక ముసలి డాక్టర్ కథ దగ్గర ఉంది. భార్య పోయిన రెండేళ్లకు కూడా కోలుకోలేక ఆ డాక్టర్ ఫ్రాంకల్ దగ్గరికి వస్తాడు. మీరే ముందు పోయి ఉంటే ఆమె గతి ఏమయ్యేది అని ఫ్రాంకల్ అడుగుతాడు. ఆమె తట్టుకునేది కాదంటాడు డాక్టర్. అయితే ఆ బాధ ఆమెకు తప్పించారు, బదులుగా మీరు మోస్తున్నారు అంటాడు ఫ్రాంకల్. డాక్టర్ మారుమాట లేకుండా చేయి కలిపి వెళ్లిపోతాడు. "ఈ ఒక్క పేజీ నన్ను నిలబెట్టింది సార్" అన్నాడు పెద్దసేటు. "నా మిల్లుల పని చేసేటోళ్లకు గూడ తిప్పలుంటయి గదా. అందరు చదవాలె."

ఆ మాటలో కపటం లేదు. ఈ సంగతి ఇక్కడే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే యజమానులు ఇట్లాంటి పుస్తకాలు పంచుతుంటే నాకు మామూలుగా అనుమానం వస్తుంది. జీతం పెంచమంటే ధ్యానం క్లాసు పెట్టించినవాళ్లను చూశాను. ఈయన ఆ బాపతు కాదు. తనకు కుదిరిన మందును అందరికీ పంచాలనుకున్న మనిషి.

కొడుకు హైదరాబాద్‌లో ఎంబీయే చేసి మూడేళ్ల కింద మిల్లుకు వచ్చాడు. ఆయన ఫోన్లో ఉన్నది ఏమీ ఎడ్మండ్‌సన్ పుస్తకం 'ది ఫియర్‌లెస్ ఆర్గనైజేషన్', 2018లో వచ్చింది. ఆమె హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్. తప్పు జరిగిందని, డౌటుందని, సాయం కావాలని నోరు తెరిచి చెబితే తనకేమీ కాదనే నమ్మకం పనిచేసేవాళ్లకు ఉండాలన్నది ఆ పుస్తకం సారం. "మా దగ్గర ఎవ్వడు ఏం చెప్పడు సార్. అంతా అయిపోయినంక తెలుస్తది" అన్నాడు చిన్నసేటు. పుస్తకంలో మూడు చాప్టర్లు చదివాడు. మిగతావి సూపర్‌వైజర్లు చదవాలన్నాడు!

ఎవరు చదువుతారు?

పుస్తకాల మంచిచెడ్డల కన్నా ముందు హాజరు పట్టీ అడిగాను. 64 మందిలో 30 మంది బిహార్ హమాలీలు. 2020 మే నెలలో, లాక్‌డౌన్ నడుస్తుండగానే, బిహార్‌లోని ఖగరియా నుంచి హైదరాబాద్ దగ్గరి లింగంపల్లికి ప్రత్యేక రైల్లో మిల్లు కూలీలు దిగిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. వాళ్లు లేకపోతే మన దగ్గర బస్తా లేవదు. ఈ 30 మందిలో హిందీ కూడబలుక్కుని చదవగలిగేవాళ్లు పది మంది ఉంటారేమో. కల్లం ఊడ్చి, వడ్లు ఎత్తే ఆడవాళ్లు 11 మంది. బాయిలర్, డ్రయ్యర్, సార్టెక్స్ (రంగు మారిన గింజలు ఏరే మిషన్), కరెంటు పని చూసే ఆపరేటర్లు, హెల్పర్లు 9 మంది. డ్రైవర్లు, క్లీనర్లు 6. ఆఫీసు, ల్యాబ్ కలిపి 5. వాచ్‌మన్లు 3. ఇంగ్లీషు పుస్తకం మొదటి పేజీ దాటగలిగేవాళ్లు ఇద్దరు: అకౌంటెంటు, ల్యాబ్ కుర్రాడు.

అంటే 64 కాపీల్లో 62 బీరువా మీదికో, పాత పేపర్లవాడికో పోతాయి. కేసు ఇక్కడితోనే ముగించవచ్చు. ముగించలేదు. చిన్నసేటు అన్న ఆ మాట, 'అంతా అయిపోయినంక తెలుస్తది' అన్నది, నన్ను పట్టుకుంది. ఏం అయిపోయిందని అడిగాను. పోయిన సీజన్‌లో రెండు లాట్లు, అంటే రెండు విడతల బియ్యం, సర్కారు గోదాం నుంచి వెనక్కి వచ్చాయి. నూక ఎక్కువుందని.

రెండు రాత్రులు

ఇక్కడ కొంచెం మిల్లు సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. సర్కారు వడ్లు ఆడించి ఇచ్చే లెక్కలో క్వింటాలు వడ్లకు ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. అందులో నూక 16 శాతం మించకూడదు. యాసంగి పంట మన దగ్గర ఏప్రిల్, మే ఎండల్లో కోతకు వస్తుంది. ఆ వేడికి గింజలో సన్న పగుళ్లు పడతాయి. పచ్చి బియ్యంగా ఆడిస్తే సగం నూకే. అందుకే ఉడికిస్తారు. వేడినీళ్లలో నానబెట్టి ఆవిరి పట్టిస్తే గింజలోని పిండి జిగురులా మారి ఆ పగుళ్లను అతికేస్తుంది.

లాట్లు ఎందుకు వెనక్కి వచ్చాయంటే మిల్లులో అందరూ చెప్పింది ఒకటే: ఎండలు, కోత మిషన్లు. నేను మిల్లర్‌ను కాదు గానీ మిల్లుల్లో తిరిగి తిరిగి కొంత తెలుసు. ఉడికించాక కూడా గింజ విరుగుతోందంటే చాలాసార్లు తప్పు పొలంలో ఉండదు, ఆరబెట్టే దగ్గర ఉంటుంది. నానిన వడ్లను ఒక్క ఊపున ఆరబెడితే పైన ఎండిపోయి, లోపల తడి ఉండిపోయి గింజ బీటలు వారుతుంది. కాబట్టి 16, 18 శాతం తేమకు ఒకసారి దించి, బిన్‌లో, అంటే వడ్లు నిలవ ఉంచే పెద్ద తొట్టిలో, కొన్ని గంటలు ఊరికే ఉంచాలి. లోపలి తడి సర్దుకున్నాక రెండోసారి డ్రయ్యర్‌కు ఎక్కించి 14 లోపుకు తేవాలి. ఈ మిల్లులో ఆ విరామం ఆరు గంటలని రూలుంది. రిజిస్టర్ కూడా ఉంది.

రిజిస్టర్ తెప్పించి చూశాను. ప్రతి రాత్రీ ఆరు గంటలు. ఐదున్నర లేదు, ఆరుంబావు లేదు. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, వారానికి సరిపడా ఒకేసారి కూర్చుని రాసినట్టు అక్షరాలు ఒకే వాలులో ఉన్నాయి.

ఆ రాత్రి మిల్లులోనే ఉంటానన్నాను. డ్రయ్యర్ ఆపరేటర్ దామరచర్ల వైపు మనిషి, నలభై దాటి ఉంటాడు. ఊక మంట దగ్గర స్టూలు వేశాడు. మొదటి లోడు పదీ నలభైకి బిన్‌లోకి పోయింది. పన్నెండున్నరకు మళ్లీ డ్రయ్యర్‌కు ఎత్తారు. రెండు గంటలు కూడా నిండలేదు.

"ఆరు గంటలంటివి గదా తమ్ముడూ?" అన్నాను.

"రిజిస్టర్ల ఆరు గంటలే సార్" అని నవ్వాడు.

ఇంకాసేపటికి, టీ వచ్చాక, తనే చెప్పాడు. రాత్రికి మూడు లోడ్లు కావాలి. ఆరు గంటలు ఆగితే రెండే అవుతాయి. మూడేళ్ల కింద ఇదే డ్రయ్యర్ మీద ఇంకో ఆపరేటర్ ఉండేవాడు. వేడి చూపించే మీటర్ తప్పు చూపిస్తోందని ఒక రాత్రి మిషన్ ఆపేశాడు. పొద్దున పెద్దసేటు వచ్చి హమాలీలందరి ముందు "ఈ మిల్లు నీ అయ్య కట్టిచ్చిండా?" అన్నాడు. ఆ మనిషి టిఫిన్ డబ్బా తీసుకుని గేటు దాటాడు, మళ్లీ రాలేదు. ఇప్పుడు సూర్యాపేట వైపు ఏదో మిల్లులో చేస్తున్నాడట.

"మరి మీటర్?"

"గదే మీటర్ సార్."

రెండో రాత్రి వేరేవాళ్లను కదిపాను. చిత్రం ఏమిటంటే, ఏడాది కింద చేరిన హెల్పర్ కూడా 'నీ అయ్య కట్టిచ్చిండా' కథ కళ్లారా చూసినట్టే చెప్పాడు. సంస్థల సంస్కృతి మీద ఎడ్గర్ షైన్ 1985లో రాసిన పుస్తకంలో మూడు పొరలు చెబుతాడు. కంటికి కనిపించేవి, నోటితో చెప్పుకునేవి, ఎవరూ అనకుండానే అందరూ నిజమనుకునేవి. ఆ మిల్లు గోడ మీద 'నాణ్యతే మా దైవం' అని ఎర్ర రంగుతో రాసి ఉంది. అది మొదటి పొర. 'ఏదైనా ఉంటే నాకు చెప్పుండ్రి' అని పెద్దసేటు అంటుంటాడు, అది రెండోది. మూడోది ఆ టిఫిన్ డబ్బా.

చిన్నసేటు సంగతి కూడా ఆ రాత్రే తెలిసింది. ఆయన తిట్టడు. ఏదైనా చెబితే ఫోన్ తీసి ఫోటో కొట్టి, మిల్లు వాట్సాప్ గ్రూపులో పెట్టి, 'ఎవరు బాధ్యులు?' అని రాస్తాడు. "పెద్దసేటు తిట్టుడు తిట్టినకాడికే సార్. చిన్నసేటుది ఫోన్ల ఉంటది" అన్నాడు సార్టెక్స్ ఆపరేటర్. ఈ మాట నేను అప్పుడు రాసుకున్నాను గానీ దాని బరువు సరిగ్గా అంచనా వేయలేదు.

ఏ పుస్తకం ఎవరికి

పది రోజుల తర్వాత తండ్రీకొడుకులను కూర్చోబెట్టి నా తీర్పు చెప్పాను. 64 కాపీలు వద్దు, రెండిట్లో ఏదీ వద్దు. పుస్తకాలు మంచివి కాక కాదు. తప్పుడు చేతుల్లోకి పోతున్నాయి. తప్పించలేని బాధ ఉన్నవాడికి అర్థం వెతుక్కునే పుస్తకం పనికొస్తుంది. బాధను తప్పించే అధికారం ఉన్నవాడికి పని వాతావరణం మార్చే పుస్తకం కావాలి. డ్రయ్యర్ మీటర్ బాగు చేయించే అధికారం ఆపరేటర్‌కు లేదు. ఆయన చేతిలో మొదటి పుస్తకం పెడితే ఆయనకు వినపడేది 'సర్దుకో' అనే. రెండోది పెడితే 'నోరు విప్పు' అని వినపడుతుంది, నోరు విప్పినవాడు ఏమయ్యాడో ఆయనకు తెలుసు.

పెద్దసేటు ముఖం మారింది. "మనిషి బాధ మీద రాసిన పుస్తకాన్ని మీటర్ కాడికి తెస్తరేంది సార్" అన్నాడు. ఆయన పుస్తకమే తెరిచి, ముసలి డాక్టర్ కథ తర్వాత కొద్ది పేజీలకే ఉన్న చోటు చూపించాను. అక్కడ పెన్సిల్ గీత లేదు. అర్థం దొరకాలంటే బాధ ఉండి తీరాలని తాను అనడం లేదని, తప్పించగలిగే బాధైతే దాని కారణాన్ని తొలగించడమే అర్థవంతమైన పని అని, అనవసరంగా బాధపడటం వీరత్వం కాదని ఫ్రాంకల్ అక్కడ విడమరిచి రాశాడు. క్యాంపులో బతికి వచ్చినవాడి మాట అది.

"నా పుస్తకం తీసి నాకే చెప్తున్నరు" అన్నాడు పెద్దసేటు. కోపంగానే అన్నాడు.

అప్పుడు వచ్చిన మాట నేను ముందుగా అనుకుని పోయింది కాదు. గేటు దగ్గరి వాచ్‌మన్ మర్రిగూడ వైపు మనిషి. ఫ్లోరైడ్ నీళ్లకు నడుము వంగిపోయింది, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. నల్గొండ జిల్లావాళ్లకు ఇది ఎవరూ వివరించక్కర్లేదు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు నిలిచిపోయింది, మన ఊరి పేరు అట్లా తెలిసింది. "సేటూ, ఆయన నడుము ఇప్పుడు ఏ మందుకూ లేవదు. ఆయనకు మీ పుస్తకంలోని మాట చెప్పవచ్చు. చెప్పేవాడికి ఆ అర్హత ఉంటే. కానీ ఆ ఊరి చిన్నపిల్లలకు ఫ్లోరైడ్ నీళ్లు పోస్తూ బాధలో అర్థం వెతుక్కోండిరా అని ఎవరన్నా అంటే మీరేమంటరు? ముందు కృష్ణా నీళ్లు తెమ్మంటరు గదా" అన్నాను.

ఆయన మాట్లాడలేదు. మజ్జిగ గ్లాసు పక్కకు జరిపి లేచి బయటికి పోయాడు. ఫీజు కూడా రాదనుకున్నాను. నాలుగో రోజు ఫోన్ చేసి, "మీటర్ మార్పిస్తున్న, ఇంకేం చెయ్యాలె" అన్నాడు.

ఏం చేశాం

పుస్తకాలకు అనుకున్న డబ్బుకు ఇంకొంత కలిపి వేడి మీటర్లు రెండు, తేమ చూసే మిషన్ ఒకటి కొన్నారు. వెనక షెడ్డులో పాత బిన్ ఒకటి ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది, దాని ఎలివేటర్ బెల్టు తెగిందని వదిలేశారు. దాన్ని బాగు చేయించడం ఈ కేసు మొత్తంలో అతి ముఖ్యమైన పని అని నా ఉద్దేశం. రెండు బిన్‌లుంటే ఒకటి విరామంలో ఉండగా ఇంకోటి నింపవచ్చు, ఆరు గంటలు నిజంగా ఆగినా రాత్రికి మూడు లోడ్లు కాకపోయినా రెండున్నర అవుతాయి. అది లేకుండా 'నిజం చెప్పండి' అంటే ఆపరేటర్‌కు మేం ఇచ్చేది ధైర్యం కాదు, ఇరకాటం.

గోడ మీది ఎర్ర రాత చెరిపించాను. దీనికి మాత్రం డెమింగ్‌ను అడ్డుపెట్టుకున్నాను. జపాన్ ఫ్యాక్టరీలకు క్వాలిటీ పాఠాలు చెప్పిన ఆ అమెరికన్ పెద్దమనిషి తన 14 సూత్రాల్లో ఎనిమిదోదిగా భయాన్ని తరిమేయమంటాడు, పదోదిగా పనివాళ్లకు నినాదాలు రాసిపెట్టడం మానేయమంటాడు. వ్యవస్థలో ఉన్న తప్పును నినాదం మనిషి నెత్తిన వేస్తుందని ఆయన వాదన. పెయింటర్‌కు రెండు గంటల పని.

రిజిస్టర్‌లో ఒక గడి పెంచాం: 'ఆపిన కారణం'. ఎవరైనా డ్రయ్యర్ ఆపవచ్చు, కారణం ఒక్క ముక్క రాస్తే చాలు. ఆ రాత్రి ఎవరూ అడగరు, పొద్దున మాట్లాడుకుంటారు. రాయడం రానివాళ్ల మాట హెల్పర్ రాస్తాడు.

ఇక పెద్దసేటుకు ఒకే పని పెట్టాను. పొద్దున ఏడింటికి రాత్రి షిఫ్ట్ దిగేవాళ్లతో నిలబడి టీ తాగి, "రాత్రి ఏం ఇబ్బందయింది?" అని అడగాలి. 'ఎందుకు చేసినవ్' అనకూడదు. జవాబు ఏదొచ్చినా ముందు 'మంచిగ చెప్పినవ్' అనాలి, ఆ తర్వాతే మిగతాది. చెప్పినవాడికి ఎదురయ్యే మొదటి మాటే మిగతావాళ్ల నోళ్లు తెరుస్తుంది లేదా మూస్తుంది. ఎడ్మండ్‌సన్ పుస్తకంలోంచి నేను తీసుకున్నది ఈ ఒక్క అంశమే.

ఎనిమిది రోజులు 'ఏం లేదు సేటు' తప్ప మాట లేదు. తొమ్మిదో పొద్దున బాయిలర్ ఆపరేటర్ ఫీడ్ పంపు కారుతోందని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. పెద్దసేటు మెడ నరాలు ఉబ్బడం కనపడింది. నెల రోజులుగా కారుతున్న పంపు అది. "మంచిగ చెప్పినవ్" అన్నాడు, పళ్ల మధ్య నుంచి. అయినా అన్నాడు. ఆ పూటే మెకానిక్‌ను పిలిపించారు. మర్నాడు ఇద్దరు చెప్పారు.

మొదటి నెల రిజిస్టర్‌లో డ్రయ్యర్ ఆపినవి 4. రెండో నెల 19. చిన్నసేటు హడావిడిగా ఫోన్ చేశాడు, "సార్, మీరొచ్చినంక ఇంకా ఎక్కువైనయ్!" అని. ఆయనకు ఆయన పుస్తకమే గుర్తుచేశాను. ఎడ్మండ్‌సన్ చదువుకునే రోజుల్లో ఆస్పత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను లెక్కించింది. కలిసికట్టుగా పనిచేసే జట్లలో పొరపాట్లు తక్కువుంటాయనుకుంది. లెక్క తిరగబడింది, మంచి జట్లలోనే ఎక్కువ నమోదయ్యాయి. చివరికి ఆమెకు తట్టింది ఏమిటంటే వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవి దాచడం లేదు. 1996లో అచ్చయిన ఆ పరిశోధన నుంచే ఆమె దారి మొదలైంది. చిన్నసేటు చదివిన మూడు చాప్టర్లలోనే ఇది ఉండాలి, చదివినప్పుడు ఆస్పత్రి కథగా చదివాడు, అంతే.

నూక సంగతి. డిసెంబర్ నుంచి ఏ లాటూ వెనక్కి రాలేదు. ఇది మా ఘనతే అని చెప్పను. కొత్త మీటర్లు, రెండో బిన్, వానాకాలం వడ్లు కలవడం అన్నీ ఉన్నాయి.

నేను తప్పిన చోట్లు

గురువారం సాయంత్రాలు ఆపరేటర్లతో చదువు కూటమి పెట్టాను. ఫ్రాంకల్ పుస్తకంలోంచి పేజీ రెండు పేజీలు నా తెలుగులో చెప్పడం, మాట్లాడుకోవడం. ఉత్సాహంతో పెట్టానే గానీ పన్నెండు గంటల షిఫ్ట్ దిగినవాళ్లకు అది ఇంకో డ్యూటీ అయింది. ఇద్దరు కునికారు. మూడో వారం బాయిలర్ ఆపరేటర్ అడిగాడు: "సార్, ఆయన క్యాంపుల ఉన్నడు, బయటికి పోనియ్యరు. మేం మిల్లుల ఉన్నం. నచ్చకుంటే టిఫిన్ డబ్బా తీసుకొని పోవచ్చు గదా. మాకెందుకు చెప్తున్నరు ఇది?" ఆ పుస్తకం మీద నేను విన్న ప్రశ్నల్లో ఇంత సూటిది లేదు. ఆ వారంతో కూటమి ఆపేశాను. టిఫిన్ డబ్బా తీసుకుని పోగలగడం కూడా అందరికీ ఉండదని, ఇంట్లో అప్పులున్నవాడికి గేటు తెరిచి ఉన్నా లాభం లేదని ఆయనకు చెప్పాలనుకున్నాను. ఆయనకే నాకన్నా బాగా తెలిసి ఉంటుందని ఊరుకున్నాను.

రెండోది హమాలీలు. వాళ్లు మిల్లు మనుషులు కారు, ముఠా మేస్త్రీ మనుషులు. బస్తా లెక్క, అడ్వాన్సు, ఊరికి పోయే సెలవు అన్నీ ఆయన చేతిలోనే. పొద్దుటి టీ దగ్గరికి వాళ్లు రారు, వచ్చినా మేస్త్రీ పక్కన ఉంటే మాట్లాడరు. వాళ్ల షెడ్డుకు నాలుగు ఫ్యాన్లు, రెండు మరుగుదొడ్లు, చల్లని నీళ్ల డ్రమ్ము పెట్టించగలిగాం. అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో చెప్పిందే ఇక్కడా వర్తించింది: నీళ్లు, నీడ, జీతం సరిగ్గా లేకపోతే మనిషికి మంట, సరిగ్గా ఉంటే మంట తగ్గుతుంది, దాంతోనే పని మీద ఇష్టం పుట్టదు. సగం మంది పనివాళ్ల విషయంలో ఈ కేసు అక్కడే ఆగింది. మేస్త్రీ వ్యవస్థను కదిలించే పుస్తకం నా దగ్గర లేదు.

ఫ్రాంకల్ పుస్తకం ఒక్కరికి ఉపయోగపడింది. అకౌంటెంటు కొడుకుకు పుట్టుకతో ఎదుగుదల సమస్య ఉంది. పెద్దసేటే తన కాపీ ఆయనకు ఇచ్చాడు, అందరికీ పంచినట్టు కాకుండా, ఒక సాయంత్రం గదిలోకి పిలిచి. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పుస్తకం తిరిగి వచ్చాక డాక్టర్ కథ దగ్గర పెన్సిల్ గీత పక్కన బాల్‌పెన్ గీత ఇంకోటి ఉందని పెద్దసేటు చూపించాడు.

మేలో

చివరిసారి వెళ్లింది మే రెండో వారంలో. బయట రోడ్డు మీద తడి వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. రిజిస్టర్ తీసుకుని వెనక్కి తిప్పుకుంటూ పోయాను. నాలుగు రకాల చేతిరాతలు, ఐదుంబావు గంటలు, ఆరున్నర గంటలు, ఒక చోట 'కరెంటు పోయింది', ఒక చోట 'వేడి ఎక్కువుంది, అనుమానం', ఇంకో చోట పెద్దసేటు సంతకంతో 'నేనే తొందర పెట్టిన'.

మధ్యలో ఒక చోట వరసగా పన్నెండు రోజులు: ఆరు గంటలు, ఆరు గంటలు, ఆరు గంటలు. ఒకే పెన్ను, అక్షరాలన్నీ ఒకే వాలు. 'ఆపిన కారణం' గడి ఖాళీ.

డ్రయ్యర్ ఆపరేటర్‌ను పిలిచి ఆ పేజీ చూపించాను.

"అప్పుడు పెద్దసేటు కాశీ పోయిండు సార్" అన్నాడు. "చిన్నసేటు చూసుకున్నడు."